ఆ ఆదివారం ఎలా ఉందో అలాగే

ఆదివారం పొద్దున్నే భార్య బరువు మెషిను ఎక్కి దిగబోతుంటే, "ఆగు, మళ్ళీ ఎక్కు," అన్నాడు ఆమె భర్త స్కేలు.

"ఇప్పుడేగా ఎక్కాను."

"ఒక్కసారి చూసింది కొలత కాదు. కాకతాళీయం. మళ్ళీ ఎక్కు."

ఆమె దిగి మళ్ళీ ఎక్కింది. మెషిను మళ్ళీ అదే అంకె చూపించింది. ఒకప్పుడు అటక మీంచి దింపుతూ స్కేలు దాన్ని జారవిడిచాడు. అప్పట్నుంచి ఎవరెక్కినా ఓ నాలుగు కిలోలు తగ్గించి చెప్పడం దానికి అలవాటైంది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ కాఫీ కన్నా ముందు దాన్నే అడుగుతారు, సంతోషంగా వెళ్తారు.

"చూశావా, ఎన్నిసార్లు ఎక్కినా ఒకటే మాట. దీన్నే విశ్వసనీయత అంటారు," అన్నాడు స్కేలు గర్వంగా.

"ఆ ఒకటే మాట అబద్ధమైనా?" అందామె మెల్లగా.

"అది వేరే చాప్టరు," అని స్నానానికి వెళ్ళిపోయాడు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదైతేనేం, కాలేజీలోనూ అపార్ట్‌మెంటులోనూ అందరూ అతన్ని పిలిచేది స్కేలు అనే. సైకాలజీ శాఖలో తాత్కాలిక లెక్చరరు. మనుషుల ఓర్పును కొలవడానికి ఒక ప్రశ్నపత్రం తయారుచేసి, దానికి 'సహన సూచిక' అని పేరుపెట్టి, కన్నబిడ్డలా సాకుతున్నాడు. అది గట్టిదని తేలితే ఉద్యోగం పర్మనెంటు. తేలకపోతే మామగారి టైల్స్ షాపు. మామగారు నిదానస్తుడు, ఒక్క మాట కూడా తూలడు. కౌంటరు వెనక ఒక కొత్త స్టూలు మాత్రం కొనిపెట్టి, దాని ఫొటో అల్లుడికి పంపాడు.

గట్టిదని తేల్చడానికి దారి ఒకటే. ఒకే ప్రశ్నపత్రాన్ని అవే మనుషుల చేత రెండుసార్లు రాయించాలి. మొదటిసారి ఓర్పుమంతుడిగా తేలినవాడు రెండోసారి కూడా అలాగే తేలాలి. రెండుసార్ల లెక్కలూ ఎంతవరకు కలిశాయో చెప్పే అంకె పాయింట్ ఎనిమిది దాటితే స్కేలు గట్టెక్కినట్టే. కలవకపోతే ఆ తేడాకి శాస్త్రం పెట్టిన పేరు కొలత లోపం. మొదటిసారి రెండు వారాల కిందట, ఒక ఆదివారం, అపార్ట్‌మెంటు పై అంతస్తులోని మీటింగు హాల్లో రాయించాడు. రెండోసారి ఇవాళే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ శాఖాధిపతి అయిన పెద్దసారు శుక్రవారం నాడు ఒక మాట అన్నారు. "ఏమయ్యా స్కేలూ, ఆ రోజు పరిస్థితులు ఎలా ఉన్నాయో ఈ రోజూ అలాగే ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు." ఇలాంటి మాటలు పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు, చిన్నవాళ్ళు తలూపి మర్చిపోతారు. స్కేలు మర్చిపోయే రకం కాదు. ఇంటికొచ్చి, ఆ ఆదివారం ఏమేం జరిగిందో కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాడు. లిఫ్టు చెడిపోయింది. అందరూ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. హాలు పైన టెర్రస్ మీద ఎవరో సోలార్ పలకలు బిగిస్తూ డ్రిల్లింగు చేశారు. బయట వాన. లోపల టీలో పంచదార లేదు.

స్నానం ముగించి వంటింట్లోకి వచ్చి, "టీలో పంచదార వెయ్యకు," అన్నాడు.

"ఆ రోజు మర్చిపోయాను. ఇవాళ గుర్తుపెట్టుకుని మర్చిపోవాలా?"

"అదే శాస్త్రం."

ఆమె పంచదార డబ్బా తీసి పై అరలో పెట్టేసింది. స్కేలు అక్కడే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొకటి మిగిలిపోయింది. ఆ రోజు పొద్దున మనం గొడవపడ్డాం. నువ్వు కూడా పరీక్ష రాస్తున్నావు కదా, కాబట్టి అది కూడా కావాలి."

ఆమె చేతిలోని గరిటె ఆగింది. "దేని గురించి గొడవపడ్డామో గుర్తుందా మీకు?"

"గొడవ అయిందని గుర్తుంది. విషయం గుర్తులేదు. అయినా విషయం ముఖ్యం కాదు, వ్యవధి ముఖ్యం. పాలు పొంగేంతసేపు జరిగింది. నువ్వు మొదలుపెట్టు, నేను అందుకుంటాను."

ఆమె స్టవ్ మీద పాలు పెట్టింది. అటు తిరిగే అంది. "నేను చెప్పిన మాట మీరు ఒక్కసారైనా విన్నారా?"

"వింటూనే ఉన్నాగా. ఇది గొడవేనా, మామూలు ప్రశ్నా?"

"మీకెలా అనిపిస్తే అలా."

"అలా కాదు! గొంతు పెంచాలి! ఆ రోజు నువ్వింత మెల్లగా మాట్లాడలేదు!" అంటూ స్కేలు గొంతు పెంచాడు.

"ఆ రోజూ ఇంతే మెల్లగా మాట్లాడాను. అరిచింది మీరే."

"నేనెందుకు అరుస్తాను? నా ఓర్పు స్కోరు ఎంతో తెలుసా నీకు?" అని ఎంత గట్టిగా అరిచాడంటే, పక్క ఫ్లాటు వాళ్ళ కుక్క మొరగడం మొదలుపెట్టింది. పాలు పొంగిపోయాయి. ఆమె స్టవ్ ఆపి, గుడ్డ తెచ్చి తుడిచింది. గొడవ వ్యవధి సరిగ్గా సరిపోయినందుకు స్కేలు తృప్తిగా బయటికి నడిచాడు.

కింద వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు. "పది కాగానే లిఫ్టు ఆపెయ్యాలి. స్విచ్చి బోర్డుకి తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. నేను చెప్పేదాకా ఎవరడిగినా ఇవ్వకు."

"చెడిపోయిన లిఫ్టుని బాగుచెయ్యమంటారు గానీ, బాగున్న లిఫ్టుని ఆపమంటారేంటి సార్?"

"ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి."

"పెద్దవాళ్ళెవరైనా లోపల ఉంటే?"

"ఎవరూ ఉండరు. మా పెద్దసారు ఒక్కరే బయటినుంచి రావాలి. ఆ రోజు ఆయన ఆలస్యంగా వచ్చారు, ఇవాళా ఆలస్యంగానే వస్తారు." మనిషి ఒకసారి చేసింది రెండోసారీ చేస్తాడని నమ్మడమే స్కేలు వృత్తి. ఆ నమ్మకంతోనే అతను డ్రిల్లింగు సంగతి చూడ్డానికి వెళ్ళాడు.

డ్రిల్లింగు మిషను బావమరిది తెచ్చాడు. మామగారి టైల్స్ షాపులో పనిచేసేది అతనే. ఏ గోడ కనపడినా చిల్లు పెట్టాలని చేతులు దురదపెట్టే మనిషి. "బావా, స్టూలుకి దిండు కూడా కుట్టించాం, నాన్న చెప్పమన్నాడు," అంటూ వచ్చాడు.

"ఆ దిండు మీద ఎవరు కూర్చుంటారో సాయంత్రానికి తెలుస్తుంది. నువ్వు టెర్రస్ మీదికి వెళ్ళి, పది నుంచి పదిన్నర దాకా ఆపకుండా డ్రిల్ చెయ్యి."

"ఎక్కడ?"

"ఎక్కడైనా సరే. శబ్దం ముఖ్యం."

'ఎక్కడైనా' అన్న మాట చెప్పకూడని మనిషికి చెప్పాడని స్కేలుకి అప్పుడు తట్టలేదు. వాన ఒక్కటే తన చేతిలో లేనందుకు ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడు. ఎండ పెళపెళలాడుతోంది.

పదికి ముందే పెద్దసారు వచ్చారు. పోయినసారి ఐదంతస్తులు ఎక్కిన ఆయాసం మూడ్రోజులు పోలేదట. ఇవాళ లిఫ్టు బాగుందని తెలిసి, ఎక్కడ మళ్ళీ చెడిపోతుందోనని ముందే వచ్చి, లిఫ్టెక్కి పై అంతస్తు బటను నొక్కారు. ఆ పాత చువ్వల తలుపుల లిఫ్టు మూలుగుతూ దాదాపు మొత్తం ఎక్కింది. ఇంకో నాలుగడుగులు ఎక్కితే హాలు వచ్చేది. అప్పుడు పది అయింది. వాచ్‌మన్ మాట తప్పే మనిషి కాదు.

హాల్లో జనం ఆయాసపడుతూ కుర్చీల్లో కూలబడుతుంటే, స్కేలు ముఖం వెలిగిపోతోంది. అంతలో లిఫ్టు దగ్గర్నుంచి కేక వినిపించింది. పరుగెత్తి చూస్తే, చువ్వల వెనక నేలకి జానెడు ఎత్తున పెద్దసారి ముఖం కనిపించింది. మిగతా సారు కింద ఉన్నారు.

"ఏమయ్యా! ఇదేంటయ్యా!"

స్కేలు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. నిలబడి మాట్లాడితే సారు తన పాదాలతో మాట్లాడినట్టుంటుంది. "సార్, చిన్న ఇబ్బంది. ఇప్పుడే తాళంచెవి తెప్పిస్తాను."

"లిఫ్టుకి తాళం ఏంటి? ఎవరు వేశారు?"

"పరిస్థితులు సార్," అన్నాడు స్కేలు. అబద్ధం కాదు.

వాచ్‌మన్‌ని పిలవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి, పైన డ్రిల్లింగు మొదలైంది. ఎంత గట్టిగా పిలిచినా కిందికి వినపడలేదు. కాసేపటికి డ్రిల్లింగు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ తర్వాత వినిపించింది బావమరిది కేక. బావమరిది ఎక్కడైనా చెయ్యమంటే నీళ్ళ ట్యాంకు పక్క గోడని ఎంచుకున్నాడు. ఆ గోడలోంచే మొత్తం అపార్ట్‌మెంటుకి నీళ్ళ గొట్టం వెళ్తుంది. ఎండకి గోడ నీడ అక్కడే ఉందని తర్వాత సంజాయిషీ చెప్పాడు.

టెర్రస్ మీంచి నీళ్ళు పొంగి, హాలు కిటికీల మీదుగా ధారలు కట్టాయి. బయటికి చూసినవాళ్ళకి అచ్చం ఆ ఆదివారంలాగే వాన. ఒక్క క్షణం స్కేలుకి కళ్ళు చెమర్చాయి. అడక్కుండానే దేవుడు మిగిలిన ఒక్క లోటూ తీర్చాడనుకున్నాడు. నీళ్ళు మెట్లమీదుగా దిగి, లిఫ్టు ముందు మడుగుకట్టి, చువ్వల సందుల్లోంచి పెద్దసారి మీద పడ్డం మొదలుపెట్టాక ఆ ఆనందం కాస్త తగ్గింది.

కేకలు విన్న వాచ్‌మన్ మెట్లన్నీ ఎక్కి, వాల్వు కట్టేయడానికి నేరుగా టెర్రస్ మీదికి వెళ్ళిపోయాడు. తాళంచెవి అతని జేబులో, స్విచ్చి బోర్డు అడుగు అంతస్తులో, పెద్దసారు మధ్యలో. వాల్వు తుప్పుపట్టి తిరగనంది. చివరికి తిరిగేసరికి, అపార్ట్‌మెంటులో ఏ కొళాయిలోనూ చుక్క నీరు లేదు.

అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ హాల్లోకి దూసుకొచ్చాడు. ముఖానికి సగం నురగ, సగం గడ్డం. "ఎవరిది ఈ పని? ఎవరిదంటున్నా! సబ్బు పూసుకుని నిలబడ్డానండీ నేను!"

"ఆ డ్రిల్లింగు వీడి బావమరిదిదే! నేను చూశాను!" అని ఎవరో వెనకనుంచి అరిచారు. "లిఫ్టు ఆపించింది కూడా ఇతనేనట!" అని ఇంకొకరు. "ఈ టీలో పంచదార ఏది?" అని మూడో గొంతు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, లిఫ్టులోంచి పెద్దసారు చువ్వల్ని బూటుతో తన్నే శబ్దం. హాలంతా లేచి నిలబడింది. కుర్చీ ఒకటి విరిగింది. ఈ గోలలో స్కేలు భార్య గుడ్డ తెచ్చి లిఫ్టు ముందు నీళ్ళు తుడిచి, పెద్దసారికి చువ్వల సందులోంచి తువ్వాలు అందించి, అందరి చేతికీ టీ కప్పు ఇచ్చుకుంటూ వెళ్ళింది.

ఇలాంటి సమయంలో మామూలు మనిషైతే కాళ్ళావేళ్ళా పడతాడు. స్కేలు గడియారం చూసుకున్నాడు. ఆ ఆదివారం సరిగ్గా ఈ వేళకే అందరూ రాయడం మొదలుపెట్టారు. చేతులు జోడించి, "తిట్టండి, కొట్టండి, కానీ ముందు ఈ కాగితాలు రాసివ్వండి. నా ఉద్యోగం వీటి మీదే ఉంది," అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. ఆ వణుకు విని జనం కూర్చున్నారు.

తర్వాత లిఫ్టు దగ్గర గొంతుక్కూర్చుని, ఒక కాగితం, పెన్సిలు చువ్వల సందులోంచి లోపలికి జరిపాడు. "సార్, మీరు కూడా... పోనీ అక్కడే రాసేస్తారా? అందరూ ఒకే వేళలో రాయాలి కదా."

లోపలినుంచి వినిపించిన మాటలు ఏ పరిశోధనా పత్రంలోనూ అచ్చువేయదగినవి కావు. కానీ పోయినసారి తన పేరు కూడా చేర్చమని ముచ్చటపడి అడిగింది ఆయనే. కాగితం లాక్కున్నారు.

హాల్లో అందరూ రాస్తున్నారు. సెక్రటరీ నురగ చెంప నిమురుకుంటూ, 'నా కోపాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు' అన్న వాక్యం ఎదురుగా 'పూర్తిగా ఒప్పుకుంటాను' అన్నచోట టిక్కు పెట్టాడు. ఎంత కసిగా పెట్టాడంటే కాగితం చిరిగింది. కుర్చీ విరగ్గొట్టినాయన 'చిన్న చిన్న అసౌకర్యాలు నన్ను కదిలించలేవు' దగ్గర అలాగే పెట్టి, పక్కవాడు ఏం పెట్టాడో తొంగిచూశాడు. పక్కవాడు కూడా మహాత్ముడే.

వాచ్‌మన్ మెట్లు దిగడం మొదలుపెట్టాడు గానీ, ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు తువ్వాలు చుట్టుకుని నిలదీశారు. అందరికీ నీళ్ళ కథ మొదట్నుంచి చెప్పుకుంటూ అడుగుకి చేరేసరికి, పెద్దసారు కాగితం రాయడం ముగించి, పెన్సిలు విరిచి బయటికి విసిరేశారు. లిఫ్టు కదిలింది. తడిసిన బట్టలతో ఆయన బయటికొచ్చి, హాల్లో ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, "లెక్క చెయ్యి. ఇప్పుడే. నా ఎదురుగా," అన్నారు. ఆ గొంతులో స్టూలు మీది దిండు మెత్తదనం స్కేలుకి స్పష్టంగా తెలిసింది.

స్కేలు ల్యాప్‌టాప్‌లో అంకెలు ఎక్కించాడు. ఎక్కించేకొద్దీ కళ్ళు పెద్దవయ్యాయి. సెక్రటరీది ఆ రోజు ఎంతో ఇవాళా అంతే. కుర్చీ విరగ్గొట్టినాయనదీ అంతే. ఒక్కరిలో ఒక్క మార్కు తేడా లేదు. అందరూ ఆ రోజు ఎంత శాంతమూర్తులో, ఇవాళా అంతే శాంతమూర్తులు. చివరగా భార్య కాగితం తీశాడు.

'ఇంట్లోవాళ్ళు ఎంత విసిగించినా నాకు విసుగు రాదు.' రెండు వారాల కిందట ఆమె అక్కడ 'పూర్తిగా ఒప్పుకుంటాను' అంది. ఇవాళ 'అస్సలు ఒప్పుకోను' అన్నచోట చిన్న, శుభ్రమైన టిక్కు ఉంది. దాని కింద వాక్యంలోనూ అంతే. మొత్తం కాగితంలోనూ అంతే. స్కేలు ఆమెకేసి చూశాడు. ఆమె విరిగిన కుర్చీ ముక్కలు ఏరుతోంది. తలెత్తలేదు.

అంకె వచ్చింది. పాయింట్ ఏడు. గట్టెక్కలేదు.

"అనుకున్నాను," అన్నారు పెద్దసారు లేచి నిలబడుతూ. "అసలు ఇది ఓర్పుని కొలుస్తోందా? ఈ గదిలో ఓర్పు ఉన్నవాడు ఒక్కడున్నాడా? లిఫ్టులోంచి అన్నీ విన్నాను నేను. పనికిమాలిన సాధనం!"

స్కేలు ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాడు. ఓర్పులో అందరికన్నా పై వరసలో పెద్దసారి పేరే ఉంది. ఆ రోజూ నూటికి నూరు, ఇవాళా నూటికి నూరు. పక్కనే ఆయన తడికాగితం, 'ఎంతసేపు ఎదురుచూడాల్సి వచ్చినా నాకు చిరాకు కలగదు' దగ్గర నల్లగా పెట్టిన టిక్కు. సెక్రటరీ వంగి చూసి, "అబ్బో, సారు చాలా ఓపికమంతులే," అన్నాడు.

పెద్దసారు ఆ అంకెని చాలాసేపు చూశారు. సాధనం తప్పయితే ఆ నూరు కూడా తప్పే. నెమ్మదిగా మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. బూటులోంచి నీళ్ళు వంచుకున్నారు.

"సాధనం బాగానే ఉందయ్యా," అన్నారు చివరికి. "ఈ ఒక్క కాగితం దగ్గరే తేడా కొడుతోంది. ఇదెవరిది?"

"మా ఆవిడది సార్."

"అది కొలత లోపం. తీసెయ్."

స్కేలు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. స్టూలు గుర్తొచ్చింది. దిండు గుర్తొచ్చింది. తీసేశాడు. అంకె ఒక్క గంతులో పాయింట్ ఎనిమిది దాటి, నిండు ఒకటి అయింది. హాల్లో చప్పట్లు కొట్టింది బావమరిది ఒక్కడే.

సాయంత్రానికి గొట్టం అతుకు పడింది, కొళాయిల్లో నీళ్ళొచ్చాయి. స్కేలు ఇంట్లోకి వచ్చేసరికి ఆమె అంట్లు తోముతోంది. చెప్పాలా వద్దా అని గుమ్మంలో కాసేపు నిలబడి, చెప్పేశాడు. "పర్మనెంటు అయినట్టే. రేపే పైవాళ్ళకి రాస్తానన్నారు."

"మంచిది."

"నీ కాగితం మాత్రం... లెక్కలోంచి తీసెయ్యాల్సొచ్చింది. కొలత లోపమన్నారు. అసలు నువ్వు అలా ఎందుకు రాశావు? ఆ రోజు వేరేగా రాశావు కదా?"

"ఆ రోజు మీకు మంచి మార్కులు రావాలని రాశాను. ఇవాళ ప్రశ్న చదివి రాశాను." ఆమె చేతులు తుడుచుకుంది. "ఆ రోజు గొడవ దేని గురించో గుర్తొచ్చిందా?"

స్కేలు ఎంత ఆలోచించినా పాలు పొంగడం తప్ప ఏమీ గుర్తురాలేదు. ఆమె ఫోను తీసింది.

"నాన్నా, ఆ స్టూలు తీసెయ్యకండి. లేదు, ఆయన రారు, ఆయనకి ఇక్కడే ఖాయమైంది. నేనొస్తాను. రేపట్నుంచే."

అప్పుడు గుర్తొచ్చింది స్కేలుకి. ఆ ఆదివారం ఆమె, ఆ స్టూలు మీద నేను కూర్చుంటానండీ, అంది. తను ముందు నవ్వాడు, తర్వాత అరిచాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "నువ్వా? టైల్స్ షాపులోనా?" అన్నాడు, కాస్త గట్టిగానే.

"అక్కడ కొలత కుదరకపోతే మళ్ళీ కొలుస్తారండీ. టైలుని లెక్కలోంచి తీసెయ్యరు," అని ఆమె టీ పెట్టడానికి వెళ్ళింది. ఈసారి పంచదార వేసింది.

నెలలోపే నివేదిక అచ్చయి వచ్చింది. తీసేసిన కాగితం గురించి అందులో అడుగున వేసిన చిన్న గమనిక ప్రకారం ఆ అపార్ట్‌మెంటు మొత్తం మీద ఓర్పు లేని మనిషి ఆమె ఒక్కతే. ఆ రోజు పొద్దుటినుంచి రాత్రిదాకా గొంతు పెంచనిదీ ఆమె ఒక్కతే.